పట్టని గేరు

లారీ బోల్తాపడి ఎడమకాలు మోకాలి దాకా తీసేశాక లింగస్వామి మూడేళ్లు ఇంటిపట్టునే ఉన్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి యాదమ్మ ఒంటిమీద దెబ్బ పడని కాలమంటే అదే. లారీ తోలినన్నాళ్లూ మొగుడు ఇంటికొస్తున్నాడంటే ఆమె చేతికందే కట్టెలన్నీ ముందే దాచేసేది. కాలు పోయాక అతని గొంతు తగ్గింది. మంచినీళ్లు కావాలన్నా "జర ఇయ్యవా" అని అడిగేవాడు. ఆమె బత్తాయి తోటల్లో కూలికి పోయివచ్చేసరికి అన్నం వండి, కూతురు నిహారికకు జడలు వేసి ఉంచేవాడు. ఊరంతా "పాపం లింగస్వామి" అనేది. యాదమ్మ కూడా అనేది. లోపల మాత్రం, దేవుడు తన కోసమే ఆ కాలు తీసుకున్నాడేమో అనిపించేది. అట్లా అనిపించినందుకు చెంపలు వేసుకునేది.

అంతలో మహబూబ్‌నగర్‌లో ఒక కాంట్రాక్టరు తన పాత పికప్ బండి అమ్ముతున్నాడని తెలిసింది. అది ఆటోమేటిక్ బండి. క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. తోలడానికి కుడికాలు ఒక్కటి చాలు. లింగస్వామి ఉన్న కాస్త మెట్ట చెలక అమ్మి దాన్ని కొన్నాడు. హాలియా మీదుగా తోలుకుంటూ ఊళ్లోకి వచ్చిన రోజు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. పెళ్లాన్నీ బిడ్డనూ ఎక్కించుకుని సాగర్ దాకా తీసుకుపోయి చేపలు తినిపించాడు.

"మళ్ల మనిషినైననే యాదీ" అన్నాడు.

నిజమే. తోటల నుంచి హాలియా మార్కెట్టుకు బత్తాయి కిరాయిలు దొరకడం మొదలయ్యాక గొంతు మళ్లీ లేచింది. ఒక పొద్దున చద్దన్నంలో ఉప్పు లేదని చంకకర్రతో ఆమె వీపు మీద కొట్టాడు. ఆ తర్వాత కొట్టడానికి కారణం వెతుక్కోవడం కూడా మానేశాడు.

ఎండలు ముదిరేనాటికి బండికి గేరు జబ్బు పట్టింది. పొద్దున ముందుకు పోయే గేరు, డి లో వేస్తే బండి కదలదు. కాసేపు ఇంజను ఊరికే గర్జించి, ఉన్నట్టుండి గేరు పట్టి, వెనక ఎవరో గుద్దినట్టు ముందుకు దూకుతుంది. ఎక్కుడులో అయితే మరీ కష్టం. గేరు పట్టేలోపల బండి వెనక్కి జారేది. హ్యాండ్‌బ్రేక్ తీగ ఎప్పుడో తెగిపోయింది. పార్కింగులో పెట్టినా నిలబడటం లేదు. రెండు కాళ్లున్నవాడైతే ఒక కాలు బ్రేకు మీద ఉంచి ఇంకో కాలితో ఎక్సలేటరు తొక్కుతాడు. లింగస్వామికి ఉన్నది ఒకటే.

హాలియాలో జాఫర్ అనే మెకానిక్ ఉన్నాడు. దుబాయిలో పనిచేసి వచ్చినవాడు కాబట్టి ఇలాంటి బండ్లు అతనికి అలవాటు. బండి కిందికి దూరి చూసి, వేళ్లకు అంటిన నూనె వాసన చూశాడు.

"గేర్‌బాక్స్ సీలు పోయింది లింగన్నా. నూనె కారుతాంది. ఉన్నది గూడ మాడిపోయింది. బాక్స్ ఇప్పి బాగు చెయ్యాలె. పదిహేను దినాలు బండి నా దగ్గర్నే ఉండాలె."

"సీజన్ల బండి పండవెట్టుమంటవా? ఇంకేమన్న చెప్పు."

"అయితే రోజు పొద్దుగాల ఇంజన్ చాలు చేసి నూనె పొయ్యుండ్రి. గీ ఎర్ర నూనెనే పొయ్యాలె. లోడుతోని గుట్ట ఎక్కకు. నూనె ఎండిందా, బాక్స్ ఖతం."

రోజూ నూనె పోసే పని యాదమ్మది అయింది. ఇంకో పని కూడా ఆమెకే పడింది. ఎక్కుడు వచ్చినప్పుడల్లా దిగి, వెనక చక్రం కింద రాయి పెట్టాలి. గేరు పట్టి బండి కదిలాక రాయి తీసుకుని పరుగెత్తి ఎక్కాలి. చాలాసార్లు లింగస్వామి ఆగేవాడు కాదు. ఆగితే మళ్లీ గేరు పట్టదని. ఆమె రాయి చంకనేసుకుని మార్కెట్టు దాకా నడిచి వచ్చేది. అక్కడ హమాలీల ముందు అతను, "అగో, నా హ్యాండ్‌బ్రేక్ వచ్చింది" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు ఆమెను చూడగానే వాళ్లే ఆ మాట అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు గుట్టపక్క తోటలో నిండా కాయ ఎత్తారు. ఆ వాలు నిటారుగా ఉంటుంది. యాదమ్మ రాయి పట్టుకుని చక్రం వెనక వంగింది. లింగస్వామి బ్రేకు మీంచి కాలు తీసి ఎక్సలేటరు తొక్కాడు. ఇంజను అరిచింది కానీ గేరు పట్టలేదు. బండి ఒక్కసారిగా వెనక్కి జారి, రాయినీ దాని మీదున్న ఆమె ఎడమచేతినీ కలిపి నొక్కింది. ఆమె పెట్టిన కేకకు తోట కావలి సోమమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పుడు పట్టింది గేరు. బండి ముందుకు దూకి గుట్ట పైకెక్కి ఆగింది. లింగస్వామి పైనుంచి హారన్ కొట్టాడు. ఆమె రాలేదని మళ్లీ కొట్టాడు.

"చెయ్యి నుజ్జునుజ్జయింది లింగస్వామీ! దవాఖానకు తోలుకపో!" అని సోమమ్మ అరిచింది.

అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ముందుగాల కాయ దించాలె. ఎండకు కరాబయితది. దాన్ని ఆటో ఎక్కియ్యి, నేనొస్త."

సోమమ్మ కొంగు చింపి కట్టుకట్టి ఆటోలో తీసుకుపోయింది. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. సాయంత్రం లింగస్వామి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"నయం. కుడిచెయ్యి ఉన్నది గద, వండొచ్చు" అన్నాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకునేసరికి, "నాకు కాలే పోయింది. నేనేడ్చిన్నా?" అన్నాడు.

ఇంటికొచ్చిన మూడో నాడు యాదమ్మ నిద్రలేచి బయటికి వస్తే నిహారిక రెండు చేతులా రాయి ఎత్తి బండిలో పెడుతోంది.

"బిడ్డెందుకొస్తాంది?" అంది యాదమ్మ.

"మరి రాయి ఎవరు వెడ్తరు? నువ్వు మహారాణి లెక్క పండుకుంటివి" అన్నాడు స్టీరింగు ముందున్న లింగస్వామి.

"నేనొస్త."

"ఒంటిచేత్తోని ఏం లేపుతవే? జరుగు."

బండి పోయింది. యాదమ్మ పొద్దస్తమానం గుమ్మంలోనే కూర్చుంది. సాయంత్రం నిహారిక ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. అరచేతులు గీరుకుపోయి ఉన్నాయి.

"నాయిన ఆగలేదమ్మా" అంది. "నేను ఎనుక ఉరుకుతనే ఉన్న. అద్దంల చూసిండు. అయినా ఆగలేదు."

తెల్లారి యాదమ్మ కూతురిని బస్సెక్కించి కేతేపల్లిలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పంపేసింది. కొన్నాళ్లు అక్కడి బడికే పొమ్మంది. తిరిగొచ్చి, తానే బండెక్కుతానని మొగుడితో చెప్పింది. లింగస్వామి ఇంజను చాలు చేసి కూర్చున్నాడు. ఆమె నూనె డబ్బా మూత పళ్లతో తీసింది. బానెట్ ఎత్తే ఉంది. ముందు అద్దానికి అది అడ్డం, అతనికి ఆమె కనబడదు. డబ్బాలో ఆ పూటకు పోయాల్సిన నూనెను ఆమె పక్కనే స్నానాల నీళ్లు పోయే గుంతలో ఒంపేసింది.

"పోసినవా?"

"పోసిన" అంది.

మర్నాడూ అట్లాగే చేసింది. ఆ మర్నాడు కూడా. రాయిని కుడిచేత్తో రొమ్ముకు అదుముకుని మోసేది. బండి కింది నుంచి మాడు వాసన వస్తుంటే కాయల మీద కూర్చుని పీల్చేది. భయమేసేది. కానీ ఆపాలని ఒక్కసారీ అనిపించలేదు.

హాలియాకు ముందున్న ఎక్కుడులో, ఒకరోజు మిట్టమధ్యాహ్నం, గేరు పూర్తిగా వదిలేసింది. లింగస్వామి డి లో వేశాడు, ఆర్ లో వేశాడు, మళ్లీ డి లో వేశాడు. ఇంజను గోలే తప్ప చక్రం తిరగలేదు. బండి వెనక్కి జారబోతుంటే బ్రేకు తొక్కిపట్టాడు.

"రాయి పెట్టవే!"

యాదమ్మ దిగింది. రాయి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది.

"ఏం చూస్తున్నవే? పెట్టు!"

ఆమె కదల్లేదు. కాలు తీస్తే బండి లోడుతో సహా వెనక్కి పోయి కింద వంపులో ఉన్న కాలువలో పడుతుందని అతనికి తెలుసు. అందుకే దిగలేడు, చంకకర్ర అందుకోలేడు. ముందు తిట్టాడు. ఆమె తల్లినీ తిట్టాడు. కాసేపటికి తిట్లు ఆగిపోయాయి. ముఖం మీద చెమట కారుతోంది, తొడ వణకడం బయటికే కనబడుతోంది.

"యాదీ, కాలు గుంజుతాందే... నీ కాల్మొక్త, పెట్టవే."

ఆ వణుకును ఆమె కళ్లారా చూసింది. జాలి వస్తుందేమోనని ఆగి చూసుకుంది. రాలేదు. అతను గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాక వంగి రాయి పెట్టింది.

బండిని ట్రాక్టరుకు గొలుసుతో కట్టి జాఫర్ దగ్గరికి లాక్కుపోయారు. జాఫర్ కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక యాదమ్మను చూశాడు. కట్టుకట్టిన ఆమె చేతిని చూశాడు.

"ఏమైంది జాఫర్? రోజు నూనె పోస్తనే ఉన్నది గద" అన్నాడు లింగస్వామి.

"సీలు మొత్తం తెగిందన్నా. ఎంత పోసినా ఆగదు" అని జాఫర్ చేతులు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. యాదమ్మ వెనకే వెళ్లింది.

"అక్కా, లోపల చుక్క లేదు" అన్నాడు మెల్లగా.

"లేదు తమ్మీ. నేనే పొయ్యలే."

అతను తల దించుకున్నాడు. "హైదరాబాద్‌ల యాక్సిడెంటయిన బండి ఒకటున్నది. దాని బాక్స్ దీనికి పడ్తది. చెప్పాల్నా ఆయనకు?"

"చెప్పకు."

"ఆయన బతుకే గిది గదక్కా."

"నా బిడ్డ రెండు చేతులు ఇంకా మంచిగున్నయి" అంది యాదమ్మ.

జాఫర్ లోపలికిపోయి, ఈ బండికి బాక్స్ ఎక్కడా దొరకదని చెప్పాడు. లింగస్వామి టైరు మీద కూలబడ్డాడు. వేరే ఊరు, వేరే మెకానిక్ అంటూ ఏవేవో అడిగాడు. జాఫర్ ముఖం చూడకుండా అన్నిటికీ లేదన్నాడు. చివరికి లింగస్వామి పెళ్లాం వైపు తిరిగి, "జర లేపవా యాదీ" అన్నాడు. గొంతు అప్పుడే తగ్గిపోయింది. అంత తొందరగా తగ్గడం చూసి ఆమెకు అసహ్యం వేసింది.

ఇంటికి పోయే బస్సు వచ్చింది. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. యాదమ్మ ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు లింగస్వామికి చెయ్యి ఇవ్వబోతే, "ఆయనే ఎక్కుతడు, జర ఆగుండ్రి" అంది. బస్సులోవాళ్లంతా అతని కోసం ఆగారు. అతను చంకకర్ర లోపలికి విసిరి, కమ్మీ పట్టుకుని, మెట్ల మీద ముందు కడుపుతో పడి, అరచేతులతో పాక్కుంటూ వచ్చాడు. ఎవరో చిన్నగా నవ్వారు. యాదమ్మ చూపు తిప్పుకోలేదు.

సీట్లో పడి ఊపిరి తీసుకున్నాక అడిగాడు. "బిడ్డను ఎప్పుడు తోలుకొస్తవే?"

"చూస్త" అంది ఆమె.

అతను ఆమె ముఖం వంక ఒకసారి చూసి, రెండోసారి అడగలేదు.