ఇనస్పెక్టరు గారికి పెట్టిన భోజనం

శిస్తు తగ్గకపోతే దోనె పోతుంది. ఆ ఏడు ముత్యాలరావు పడుకున్నా లేచినా ఇదే బెంగ. కొల్లేటి నడుమ లంకలో ఇల్లు, ఒడ్డున రెండెకరాల పొలం, చేపలు కైకలూరు చేర్చడానికి ఒక తాటిదోనె, అంతే అతని ఆస్తి. పొలం మునగని ఏడు లేదు. ధాన్యం ధర చూస్తే పాతాళానికి దిగింది. సరిగ్గా అప్పుడే సర్కారు వారికి శిస్తు పెంచాలని బుద్ధి పుట్టింది. రాజ్యం నడవాలి కదా మరి! జీతాలియ్యాలి, రోడ్లెయ్యాలి. దానికి ముత్యాలరావు మునిగిన పొలమే దొరికింది!

ఏలూరు వెళ్లి కాళ్లావేళ్లా పడితే, ఊరి స్థితి చూడ్డానికి రెవిన్యూ ఇనస్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది.

"ఆయన కళ్లతో చూస్తే చాలే. మన గతి వేరే చెప్పక్కర్లేదు" అన్నాడు ముత్యాలరావు.

"చూడ్డం సరేనండీ, భోజనం మాటేంటి? మనింటికొచ్చి పస్తు పోతే ఊరికి తలవంపులు కాదూ?" అంది భార్య పెద్దింటమ్మ.

ఆ లంకలో ఎవరింటికి పెద్దమనిషి వచ్చినా ఆ భోజనం ఊరందరిదీ. పక్కింటి వరమ్మ తన పెళ్లినాటి ఇత్తడి పళ్లెం తోమి పంపింది. ఒకరు పండక్కి దాచుకున్న సన్నబియ్యం, ఒకరు గిన్నెడు నెయ్యి తెచ్చారు. పెద్దింటమ్మ కొర్రమీను పులుసు కాచింది.

ఇనస్పెక్టరు గారు చెడ్డమనిషేం కాదు పాపం. ఆకలిగా వచ్చారు, కడుపారా తిన్నారు.

"ఏలూరులో కూడా ఇంత కమ్మటి భోజనం తినలేదమ్మా. రోజూ ఇలాగే తింటారా?"

ఇదంతా ఇంటింటా ఎరువడిగి తెచ్చిందండీ అనే మాట ముత్యాలరావు నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఊరి మర్యాద ఏం కాను? వరమ్మ గుమ్మంలో నిలబడి పళ్లెం వంక మురిసిపోతూ చూస్తోంది. "ఏదో, తమ దయండీ" అన్నాడు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు తన నోటిని తనే తిట్టుకున్నాడో! భుక్తాయాసంతో ఇనస్పెక్టరు గారు పొలాన్ని దోనెలోంచే చూసి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా కరణం గారు ఉత్తర్వు చదివి వినిపించారు. రైతులు సుఖంగా ఉన్నారట. నెయ్యీ సన్నబియ్యమూ తింటున్నారట. పెంపు భరించగలరట.

"మనం పెట్టిన అన్నమేనా అండీ ఇలా తిరిగొచ్చింది?" అంది పెద్దింటమ్మ. ముత్యాలరావుకు ఏడుపొచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియక దోనె నడిపే గడ తీసి నేలకేసి కొట్టాడు.

శిస్తు కట్టలేక గడువు దాటాక, ఓ మిట్టమధ్యాహ్నం, తాలూకా బంట్రోతు దోనె జప్తు చేయడానికి వచ్చాడు. అతన్ని దింపిన పడవ అప్పుడే వెళ్లిపోయింది. ఎండకు అతని మొహం వాడిపోయి ఉంది. పెద్దింటమ్మ ఒక్క క్షణం చూసి, మట్టి చిప్పలో గంజి పోసి, ఎండుచేప కాల్చి ముందు పెట్టింది. అతను తల వంచుకుని తాగాడు.

"నన్నేం చెయ్యమంటారండీ, నౌకరీ" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "గడ వెయ్యడం నాకు చేతకాదు. మీరే కాస్త కైకలూరు దాకా..."

ముత్యాలరావు కాదనలేదు. దోనె నీళ్లలోకి తోసి అతన్ని కూర్చోబెట్టుకుని గడ వేశాడు. చాలా దూరం పోయాక ఒడ్డునుంచి పెద్దింటమ్మ కేక వినిపించింది.

"ఏవండీ! తిరిగి ఎలా వస్తారండీ?"

అతనికి ఆ సంగతే తట్టలేదు.