బావ ఒక చెయ్యి దూరం

"మైకుల చెప్పమన్నది నువ్వేనా?" అని మొగుడు ఎల్లేష్ అడిగేసరికి ధరణి చేతిలో సగం తరిగిన బెండకాయ ఉంది.

మైకులో చెప్పమని ఏ తల్లి నేర్పుతుంది? ధరణి కూతురికి నేర్పింది మూడే మూడు మాటలు. నీకు ఇష్టం లేకుండా ఎవరైనా ముట్టుకుంటే "వద్దు" అను. దూరం జరుగు. పెద్దవాళ్లకు వినపడేట్టు చెప్పు. పదహారేళ్ల శ్రీదివ్య ఆటిజం ఉన్న పిల్ల. ఏం నేర్పితే అదే చేస్తుంది, ఒక్క అక్షరం అటూ ఇటూ కానివ్వదు. నిన్న శామీర్‌పేటలో మేనత్త నర్సమ్మ కొత్తింట్లో గృహప్రవేశం. వ్రతం ముగిసి రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. నర్సమ్మ కొడుకు అన్వేష్, ఇరవై అయిదేళ్లవాడు, "ఏం మరదలా, ఒక ఫొటో దిగుదాం" అంటూ దివ్య నడుం చుట్టూ చెయ్యి వేశాడు. దివ్య "వద్దు" అంది. అతను నవ్వాడు, పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆమె దూరం జరిగింది. అతను మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. ఇక మిగిలింది మూడో మాట. అక్కడున్న పెద్దవాళ్లేమో నూటయాభై మంది. అందరికీ వినపడాలి కదా, పిల్ల తిన్నగా నడిచివెళ్లి వ్రతం చేయించిన అయ్యగారి ముందున్న మైకు అందుకుంది.

"అన్వేష్ బావ నా నడుం పట్టుకున్నడు. నేను వద్దన్న. మల్ల పట్టుకున్నడు. పెద్దోళ్లకు చెప్తున్న."

అప్పడాలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

"మా అక్క పొద్దుగాల సంది ఫోన్ల ఒకటే ఏడుపు. ఇంటి పండుగ నాడు గంత మందిల ఇజ్జత్ తీసిండ్రు," అన్నాడు ఎల్లేష్. జీడిమెట్లలో మందుల కంపెనీ సూపర్‌వైజరు. ఇంట్లో కూడా అదే గొంతు. "ఆదివారం శామీర్‌పేట పోతున్నం. దివ్య అన్వేష్‌కు సారీ చెప్పాలె. గా ఒక్క ముక్క నేర్పనీకి ఆరు దినాలు సాలవా? నీ పనే గది."

నీ పనే అది! పదకొండేళ్లలో మొదటిసారి ఆ మొగుడి నోట దాన్ని పని అనిపించుకుంది ధరణి. ఇన్నాళ్లూ దాని పేరు "ఇంట్ల కూసునుడు". మేడ్చల్‌లో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. దివ్యకు అయిదేళ్లప్పుడు మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు, "మరి పిల్లను ఎవరు చూస్తరు" అని మాత్రం అన్నారు, అంతకంటే వేరే చెప్పాలా? కొంపల్లిలో ఇలాంటి పిల్లలకు నేర్పే సెంటరు బయట బెంచీ మీద కూర్చుని, తలుపు సందులోంచి చూసి, టీచరు వెంటపడి అడిగి ఆ విద్య నేర్చుకుంది. ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితాల వెనక చార్టులు గీసింది. పెళ్లి శుభలేఖలు ముక్కలుగా కత్తిరించి వాటి మీద రాసి, చిల్లు పెట్టి, తాళాల రింగుకు గుచ్చింది. జోకు అంటే ఏంటి, వరసలో ఎలా నిలబడాలి, ఎదుటివాళ్ల మొహం మాడితే ఏం అడగాలి, అన్నీ కార్డులే. ఊరికే వస్తాయని లోకం అనుకునేవన్నీ దివ్యకు ఒక్కొక్కటి వందసార్లు నేర్పాలి.

అన్నిట్లోకీ కష్టమైంది వరసల చార్టు. ఫ్రిజ్ మీద అతికించి ఉంటుంది. నడుమ దివ్య, చుట్టూ గీతలు. అమ్మ, అవ్వ: కౌగిలించుకోవచ్చు. అత్త: చేతులు పట్టుకోవచ్చు. బావ: ఒక చెయ్యి దూరం, "బాగున్నవా" అంటే చాలు. ఆ చివరి గీత గీసిన రోజున అత్తగారు ఐలమ్మ పకపకా నవ్వింది. "బావను బయట నిలవెడ్తివా?" అని.

ఇప్పుడు ఆ ఐలమ్మే వంటింటి గడపలో నిలబడింది. "బావ గాకపోతె ఎవరు పరాష్కమాడ్తరు బిడ్డా? ముల్లు అచ్చి ఆకు మీద వడ్డా, ఆకు పొయ్యి ముల్లు మీద వడ్డా సినిగేది ఆకే. ఆడివిల్లకు నువ్వే సంజాయించాలె."

"ఆకుకే చెప్పుకుంట వస్తున్నం అత్తమ్మా. ముల్లుకు ఒక్కసారన్న ఎవరన్న చెప్పిండ్రా?"

ఐలమ్మ కొంగు సర్దుకుంది. ఎల్లేషే అందుకున్నాడు. "బయటోళ్లకు ఒక రూలు పెట్టు, మనోళ్లకు ఒక రూలు పెట్టు. అయిపాయె."

అయిపాయె అనడం ఎంత సులువు! బావ అయితే సరే, ఆటో అతనైతే కాదు. ఫొటోకైతే సరే, ఊరికేనైతే కాదు. పండుగైతే నవ్వాలి, బస్సులో అయితే అరవాలి. ఈ తిరకాసులన్నీ దివ్య బుర్రలో నిలవవు. ఒక్కసారి "ఫర్వాలేదు" అని నేర్పితే, రేపు ఎవడైనా "నేనూ మీవాడినే" అని చెయ్యి వేస్తే నిలబడిపోతుంది. ఆ తలుపు గడియ తీస్తే మళ్లీ పడదు. సరే, దివ్యకు ఆటిజం. మిగతా ఆడపిల్లలకు ఈ తిరకాసులు ఎవరు నేర్పారు? ధరణికి ఎవరు నేర్పారు?

ఇరవై ఆరేళ్ల కింద, కుత్బుల్లాపూర్‌లో పుట్టింట్లో, పదిహేనేళ్ల ధరణి అక్క మొగుడికి పప్పు వడ్డిస్తోంది. ఆయన నడుం గిల్లాడు. గరిటె జారింది, పప్పంతా ఆయన తెల్ల ప్యాంటు మీద పడింది. అమ్మ పరుగెత్తుకొచ్చి ప్యాంటు తుడిచింది. "మరదలంటె సగం పెండ్లాం. బావ సరసమాడితె గింత లొల్లా? నవ్వాలె గని," అంది. ధరణి నవ్వింది. మంట మంటగా ఉన్న నడుంతోనే నవ్వింది. అమ్మను ఒక మాట అడగాలనుకుంది, అది గొంతులోనే ఉండిపోయింది. ఆ తర్వాత ప్రతి పెళ్లిలో, ప్రతి పండుగలో నవ్వుతూనే ఉంది. అందరూ ఆమెను కలుపుగోలు పిల్ల అనేవారు. ఛీ, ఆ కలుపుగోలుతనం మండ!

"సరే, నేర్పిస్త," అంది ధరణి.

ఎల్లేష్ ఆశ్చర్యంగా చూశాడు. ఇంత జల్దీ ఒప్పుకుంటుందని అనుకోలేదు.

ఆ వారమంతా మధ్యాహ్నం రెండింటికి గది తలుపు వేసి తల్లీబిడ్డా క్లాసు పెట్టుకున్నారు. ధరణి ఒక పూట నర్సమ్మ అయింది, ఒక పూట ఐలమ్మ, ఒక పూట ఎల్లేష్, ఒక పూట కాలు ఊపుతూ అన్వేష్. తలుపవతల ఐలమ్మకు "సారీ, సారీ" అన్న మాట వినపడుతూనే ఉంది. "మస్తు ప్రాక్టీస్ చేపిస్తుంది కొడుకా," అని ఎల్లేష్‌కు ఫోన్లో చెప్పింది. శనివారానికి రింగులో కొత్త కార్డు ఒకటి చేరింది.

ఆదివారం నర్సమ్మ హాల్లో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండిపోయాయి. నర్సమ్మ మొహం ఉబ్బి ఉంది. అన్వేష్ సోఫాలో ఫోను చూసుకుంటూ నిజంగానే కాలు ఊపుతున్నాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు ఎల్లేష్.

దివ్య జేబులోంచి కార్డుల రింగు తీసింది. ఎవరి మొహమూ చూడకుండా తిరిగే ఫ్యాను వైపు చూస్తూ చదివినట్టు చెప్పింది. "తప్పు చేస్తే సారీ చెప్పాలె. ముందుగాల తప్పేందో తెలుసుకోవాలె. అత్తా, నా తప్పేంది?"

నర్సమ్మ తడబడింది. "గంత మందిల... మైకుల చెప్తరా బిడ్డా?"

"పెద్దోళ్లకు వినపడాలె. వినపడ్డదా?"

"వినపడ్డది..."

"అయితె గది తప్పు గాదు." దివ్య ఇటు తిరిగింది. "అవ్వా, నా తప్పేంది?"

ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆకు సామెత నోటిదాకా వచ్చిందేమో, బయటికి మాత్రం రాలేదు. "నాకేం ఎరుక బిడ్డా," అని గొణిగింది.

"బాపూ, నా తప్పేంది?"

ఎల్లేష్ చాయ్ మీద కట్టిన మీగడ వైపు చూస్తూ ఉండిపోయాడు. కంపెనీలో వందమందికి సమాధానం చెప్పే మనిషి.

దివ్య అన్వేష్ ముందుకు నడిచింది. చెయ్యి చాచి దూరం కొలుచుకుని, అర అడుగు వెనక్కి జరిగింది. "అన్వేష్ బావా, నా తప్పేంది?"

"అరే... మజాక్ చేసిన దివ్యా."

దివ్య కార్డులు తిప్పి ఒకటి పట్టుకుంది. "మజాక్ అంటె ఇద్దరు నవ్వాలె. నేను నవ్వలే."

ఊగే కాలు ఆగింది. అన్వేష్ ఫోను బోర్లించాడు.

"గిదా నువ్వు నేర్పింది?" ఎల్లేష్ పళ్లు బిగించి ధరణి వైపు తిరిగాడు.

"గిదే. ఆరు దినాలు," అంది ధరణి. ఇక లేచి బయల్దేరదామని చెప్పులకోసం చూస్తుండగా దివ్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నా తప్పేంది?"

ఇది ప్రాక్టీసులో లేదు. వారమంతా ధరణి అందరి వేషాలూ వేసింది గానీ అమ్మగా మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. ఇరవై ఆరేళ్లుగా గొంతులో ఉండిపోయిన మాట, కూతురి నోట, తన మీదికే వచ్చింది. ధరణికి ఏడుపొచ్చింది. నవ్వు మాత్రం రాలేదు.

"నీ తప్పు ఏం లేదు బిడ్డా," అంది. వీధిలోకి వినపడేంత గట్టిగా అంది. కుత్బుల్లాపూర్‌లో గరిటె జారవిడుచుకున్న ఆ పిల్లక్కూడా వినపడాలని అంది.

దివ్య తలూపింది. రింగులోంచి సారీ కార్డు ఊడదీసి, అందరికీ కనపడేట్టు పైకెత్తి పట్టుకుంది.

"అయితె గిది ఎవరిది?"