యులాలీ టాంటీ ఇంట్లో వీడ్కోలు పాట

పారమిన్ కొండ మీద ఒక కట్టుబాటు ఉంది. క్రిస్మస్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి పాడే పరాంగ్ బృందం ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు తీయమని పాడాలి, లోపలికి వెళ్ళాక బాల యేసు పాటలు పాడాలి, పెట్టింది కడుపునిండా తినాలి. చివర్న ఆ ఇంటివాళ్ళ మేలు తలుచుకుంటూ వీడ్కోలు పాట పాడితే గాని గడప దాటకూడదు. మిగతావన్నీ తాతల నాటి స్పానిష్ పాటలు, నిద్దట్లో లేపి అడిగినా పాడేస్తారు. వీడ్కోలు పాట మాత్రం అప్పటికప్పుడు కట్టాలి. ఎవరు పెట్టారు, ఏం పెట్టారు, అన్నీ అందులో రావాలి. పక్కింట్లో పాడింది తెచ్చి ఇక్కడ అతికిస్తే దాన్ని ఎంగిలి పాట అంటారు. ఎంగిలి పాట పాడినవాళ్ళకు మరుసటేడు ఆ ఇంటి తలుపు తెరుచుకోదు.

ఈ విషయంలో యులాలీ టాంటీ అంత పట్టుదల మనిషి కొండ మొత్తం మీద లేదు. కొండ మీద అందరికీ ఆవిడ టాంటీయే, అంటే పిన్ని. ఒకప్పుడు బృందాన్ని నడిపించింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక కుర్చీలో కూర్చుంటుంది గాని, చెవులు మాత్రం కత్తులే.

ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం టాంటీ ఇంటికి వెళ్ళిన బృందంలో వెర్లిన్ కూడా ఉంది. ఐదేళ్ళ తర్వాత కొండెక్కింది. కింద ఆ దీవి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆమె పాడని పాటంటూ లేదు. కార్నివాల్ ముందు కలిప్సో డేరాల్లో వెనక గొంతు ఆమెదే. సోకా పాటలకు లారీల మీద ఎగురుతూ పాడేది, చగ్వానాస్‌లో భారతీయుల పెళ్ళిళ్ళకు డోలక్ పక్కన నిలబడి వాళ్ళు చట్నీ అనే పాటలు పాడేది, స్టీల్ డ్రమ్ముల వాళ్ళు పిలిస్తే అక్కడికీ పరుగెత్తేది. క్రిస్మస్‌కి హోటళ్ళ వాళ్ళు పిలిచేవారు. అలా ఐదేళ్ళు గడిచిపోయాయి.

ఇంత పాడే మనిషికి మాట్లాడటం రాదు. నత్తి. చిన్న నత్తి కాదు, ఒక్కో మాట గొంతులో అడ్డం పడితే ఇక అంతే. వినేవాళ్ళు పాపం మంచివాళ్ళే, ఆమె కష్టం చూడలేక మిగిలిన మాట వాళ్ళే అందించేవారు. అందించింది సగంసార్లు తప్పు మాటే అయ్యేది. దాన్ని సరిదిద్దడానికి ఇంకో మాట కావాలి కదా. అందుకని ఆమె తలూపేసి ఊరుకునేది. అలా బతుకంతా ఎవరో అన్న మాటలకు తలూపుతూ వచ్చింది.

చిన్నప్పుడు బడిలో పంతులు పాఠం అప్పజెప్పడానికి లెమ్మనడమే మానేస్తే, చాక్‌చాక్ గిలక్కాయలు చేతిలో పెట్టి తన పక్కన నిలబెట్టుకున్నది యులాలీ టాంటీ. పాట పట్టుకోగానే నత్తి మాయమైంది. ఈ తిండీ ఈ పేరూ ఆ రోజు పెట్టిన భిక్షే. ఆ సంగతి టాంటీతో ఒక్కసారైనా చెప్పాలని వెర్లిన్‌కి ఎన్నేళ్ళుగానో ఉంది. చెప్పలేకపోయింది. ఈసారి చెప్పకుండా కొండ దిగకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చింది.

"వచ్చావా తల్లీ," అంది టాంటీ ఆమెను చూడగానే. "హోటళ్ళు తగలబడిపోయాయా ఏంటి?"

"లే... లే..."

"లేటయింది అంటోంది," అన్నాడు పెట్టె బాస్ వాయించే గిల్బర్ట్. వెర్లిన్ అనబోయింది అది కాదు. అలవాటుగా తలూపింది.

పాటలయ్యాయి. మొక్కజొన్న పిండిలో కూర పెట్టి అరటాకుల్లో చుట్టిన పస్తేళ్ళు, పంది తొడ, ఎర్ర గోంగూర కాయల షరబత్తు, రమ్ములో నానిన పళ్ళ నల్ల కేకు, ఒకటా రెండా. పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా అన్నీ టాంటీయే వండింది, ఆ మోకాళ్ళతోనే. తిని లేచాక బృందం పెద్ద యూస్టస్ తన నాలుగు తీగల కువాట్రో మెడకు తగిలించుకుని నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నిన్నట్నించీ ఇల్లిల్లూ తిరిగి పాడీ పాడీ గొంతు కాస్తా పోయింది. రెండోసారి ప్రయత్నించాడు. పిల్లి గీరినట్టు వచ్చింది.

"ఇంకెవరైనా అందుకోండి," అంది టాంటీ. "పాట లేకుండా తలుపు తీసేది లేదు. రాత్రికి ఇక్కడే పడుకుంటారా, దుప్పట్లు తక్కువున్నాయి."

యూస్టస్ వేలితో వెర్లిన్‌ని చూపించాడు.

నేర్చుకున్న పాట వేరు, అప్పటికప్పుడు మాటలు పుట్టించి పాడటం వేరు. అది సగం మాట్లాడటమే. మధ్యలో అడ్డం పడితే? ఈ ఇంట్లో, ఈవిడ ముందు? కువాట్రో మోగుతోంది, అందరూ చూస్తున్నారు. ఆ కంగారులో ఆమె నోటికి అందిన రాగం పరాంగ్‌ది కాదు. కలిప్సో డేరాల్లో ఇద్దరు పాటగాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకర్నొకరు ఉతికి ఆరేసుకునే రాగం. ఆ రాగంలో ఎవరూ ఎవర్నీ మెచ్చుకోరు. మెచ్చుకుందామన్నా మాటలు రావు, రాగమే దెప్పమంటుంది.

"యులాలీ టాంటీ ఇంట్లో పస్తేళ్ళు తిన్నా,
ఆకు మీద ఆకు విప్పుతూనే ఉన్నా,
కూరెక్కడుందో వెతుకుతూనే ఉన్నా,
దయా లేదు, దాక్షిణ్యం లేదు!"

నత్తి రాలేదు గాని, ఇల్లంతా బిగుసుకుపోయింది. వండిపెట్టిన ఇల్లాలిని వీడ్కోలు పాటలో దెప్పిపొడవడం కొండ మీద ఎవరూ కనీవినీ ఎరగరు. గిల్బర్ట్ మెల్లిగా తలుపు గడియకేసి చూశాడు. వెర్లిన్‌కి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

టాంటీ కుర్చీలో ముందుకు జరిగింది. చేతికర్రతో నేల మీద తాళం వేసింది. అదే రాగం.

"ఐదేళ్ళు కొండ ఎక్కని మహారాణి,
హోటళ్ళ కూడు మరిగిన మహారాణి,
పళ్ళెం నాకేసి ఎత్తింది వంకల బాణీ,
దయా లేదు, దాక్షిణ్యం లేదు!"

చివరి వరుసకి ఇల్లంతా గొంతు కలిపింది. యూస్టస్ శబ్దం లేకుండా నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. వెర్లిన్‌కి ఒంట్లోకి ఊపిరి వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. పైగా ఎదురు పాట కట్టి తనను సరిజోడుగా నిలబెట్టింది. ఆ ఆనందం పట్టలేక రెండో చరణం అందుకుంది.

"బడి పంతులు నన్ను కూర్చోమన్నాడు,
దారిన పోయేవాడు నవ్వి పోయాడు,
పాడమన్న పిచ్చిది ఈవిడొక్కతే చూడు,
దయా లేదు, దాక్షిణ్యం లేదు!"

ఈసారి చివరి వరుస ఆమె ఒక్కతే పాడింది. మిగతావాళ్ళు మర్చిపోయారు.

టాంటీ కర్ర ఆపింది. తర్వాత ముక్కు చీదుకుని, "బాగానే తిట్టావు," అంది. "కానీ అది కయ్యం పాట. వీడ్కోలు పాట కిందికి రాదు. కట్టుబాటు కట్టుబాటే."

మళ్ళీ పాడటం ఇప్పుడు వెర్లిన్‌కి కష్టం కాదు. రాగం తప్పకుండా పరాంగ్‌లోనే పాడగలదు. కానీ పాడితే ఎప్పటిలాగే పాట చాటున దాక్కున్నట్టే అవుతుందనిపించింది. అది పాట చెప్పినట్టవుతుంది గాని, తను చెప్పినట్టు కాదు. ఆమె చేతిలోని గిలక్కాయలు బల్ల మీద పెట్టింది. వెళ్ళి టాంటీ కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. కువాట్రో ఆగిపోయింది.

"టాంటీ," అంది. "అం... అం..."

గిల్బర్ట్ నోరు తెరిచాడు. యూస్టస్ బూటుకాలితో వాడి కాలు తొక్కాడు.

"అం... అందరూ నా మాట... పూ..."

మాట అడ్డం పడింది. మెడ నరాలు ఉబ్బాయి. గదిలో ఎవరూ కదల్లేదు. టాంటీ కూడా ఏమీ అందించలేదు, తొందరపడలేదు, చూపు పక్కకు తిప్పుకోలేదు. చాలాసేపు పట్టింది. పట్టనిచ్చింది.

"పూ... పూర్తి చేస్తారు. ను... నువ్వొక్కదానివే... ఆగుతావు. చి... చిన్నప్పట్నించీ... ఆగావు."

కన్నీళ్ళు చెంపల మీద కారుతున్నా తుడుచుకోలేదు. ఇంకా అయిపోలేదు మరి.

"నీ... నీ దయ, టాంటీ."

యులాలీ టాంటీ ఆమె చెయ్యి పట్టుకుని, కర్ర ఊతం మీద లేచింది. ఇద్దరూ కలిసి తలుపు దాకా నడిచారు. టాంటీ గడియ తీసింది.

"చెల్లింది," అంది బృందంతో. "ఇంక వెళ్ళండి మీరు."

వెర్లిన్ చెయ్యి మాత్రం వదల్లేదు.