గాలిమోటరొస్తెనే కూస్తది

రావల్కోల్ నుంచి పేపరుకు వార్తలు రాసే జహేదాకు మొండిదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి.

తొంభై ఎనిమిదిలో ఆమెకు ఒక సరదా కథనం దొరికింది. ఊళ్లో చోటే మియా పుంజు తెల్లవారితే కూయదు, దుండిగల్ ఎయిర్‌ఫోర్సు శిక్షణ విమానం నెత్తిమీదుగా పోతేనే కూస్తుంది. ఆదివారం విమానాలకు సెలవు, పుంజుకూ సెలవే. ఆ రోజు వాడకట్టంతా బారెడు పొద్దెక్కేదాకా నిద్రే!

ఇలాంటి కథనాలకు జిల్లా పేజీలో రాసినవాళ్ల పేరు వేస్తారు. నాలుగేళ్లుగా రాస్తున్నా జహేదా పేరు ఒక్కసారీ పడలేదు. “పేపర్ల నీ పేరేది?” అని ఊరంతా ఎగతాళి. ఈసారి పడి తీరాలి.

పేపరాఫీసు డెస్కులో సబ్ ఎడిటర్ రాజారావు ఆమె మొదటి వాక్యాలు కొట్టేసి కొత్తది రాశారు: “కోడిని నమ్ముకుని నిద్రపోయే అమాయకుణ్ణి ఎక్కడైనా చూశారా?”

“మొదటి ముక్కకే పాఠకుడు నవ్వాలమ్మా,” అన్నారు.

“నవ్వాలె సార్. పుంజును జూసి నవ్వాలె, చోటే మియాను జూసి గాదు.”

“మరి నువ్వు రాసిందేమిటి? ‘మా పుంజుకు పొద్దుతోని పనిలేదు. గాలిమోటరొస్తెనే కూస్తది. ఐతారం మాకు తెల్లారదు.’ గాలిమోటరేమిటమ్మా, పంక్చరు షాపా? విమానం అనాలి. మొదట్లోనే యాసా?”

జహేదాకు ఒళ్లు మండింది. వెక్కిరించడానికైతే పనికొచ్చే యాస, ముందు వరసలో కూర్చోడానికి పనికిరాదా!

“గది చోటే మియా మాట సార్. మొదలు గదే ఉండాలె.”

రాజారావు కళ్లజోడు తీశారు. “అయితే ఆ వాక్యాలుంచుతాను, నీ పేరు వెయ్యను. ఏది కావాలో తేల్చుకో.”

నాలుగేళ్లు! ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. బల్లమీది ఎర్రపెన్ను లాక్కుని తన పేరు తనే కొట్టేసింది, కాగితం చిరిగేలా.

మర్నాడు మేడ్చల్ బస్టాండు హోటల్లో జహేదా, చోటే మియా చాయ్ తాగుతుంటే ఎవరో కథనాన్ని పైకి చదివారు. గాలిమోటరు దగ్గరికి వచ్చేసరికి హోటలంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది చోటే మియానే. “అచ్చం నా మాటనే!” అని మీసం దువ్వుకున్నాడు. అంతలో జహేదా వైపు తిరిగాడు.

“మరి నీ పేరేడుంది బేటీ?”

“నా పేరేస్తె నీ మాట ఎయ్యరంట చాచా. పోనీ తియ్. రేపటిది గూడ గిట్లనే మొదలువెడ్త.”

చోటే మియా ముఖం ఎర్రబడింది. చాయ్ గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టి లేచి నిలబడ్డాడు.

“ఇనుండ్రి! గీ గాలిమోటరును పేపర్లకెక్కించింది మా రావల్కోల్ జహేదా!”