ఏకాదశి నాడు దాచిన పొట్టేలు

బాపయ్య నా భూమి మింగాడంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. అతను కర్ర పట్టలేదు, దొంగ కాగితం రాయలేదు, ఒక్క సలహా చెప్పాడంతే అంటారు. వినమని నిన్నెవడు బలవంతం చేశాడని నన్నే అడుగుతారు. బాపయ్య నా చిన్నాయన కొడుకు. వాడికి ఈత నేర్పింది నేను. అందుకే విన్నాను.

ఆ భూమి పోచమ్మ మాన్యం. నిజాం కాలంలో మా తాతకు రాసిచ్చారు. దానికి శిస్తు లేదు. ఏటా ఆషాఢంలో పోచమ్మకు ఒక పొట్టేలు ఇవ్వాలి, అంతే. పొట్టేలు ఇచ్చినన్నాళ్ళు దున్నుకోవచ్చు. మా ఇంటిల్లిపాదీ తిన్న జొన్నలు ఆ నల్లరేగడివే. వేరే సెంటు భూమి మాకు లేదు.

పొట్టేలు మాది, కత్తి మదార్ సాబ్‌ది. అతను మా ఊరి ముల్లా. బిస్మిల్లా అని అతను కోస్తేనే ఊరంతా తింటుంది, తురకవాడతో సహా. ఒక తొడ అతనికి. బక్రీదుకు అతనింట్లో ఖుర్బానీ మూడు పాళ్ళు వేస్తే, ఇరుగుపొరుగు పాలులో మొదటి గిన్నె మా ఇంటికి వచ్చేది. ఆ పొద్దున నమాజు నుంచి తిరిగొచ్చే మదార్‌కు ఊళ్ళో మొదటి ఈద్ ముబారక్ చెప్పేది మేమే. మా నాయన నన్ను వేలు పట్టుకుని తీసుకెళ్ళి నేర్పాడు. పోచమ్మ నాడు మదార్ బొట్టు పెట్టుకునేవాడు కాదు కానీ, గుడి ముందు చెప్పులు విడిచి, "తల్లి అందర్ని సల్లగ జూడాలె" అనేవాడు. నేనతన్ని మామా అనేవాణ్ణి. అతనికి నేను అల్లుణ్ణి.

హైదరాబాదు రాష్ట్రాన్ని ముక్కలు చేసినప్పుడు మా రాజురా తాలూకాను ఆదిలాబాదు నుంచి తీసి నాందేడులో కలిపారు. మూడేళ్ళకు నాందేడు నుంచి తీసి చాందాలో పడేశారు. ఇల్లు కదలకుండానే మేం మూడు జిల్లాలు చూశాం. ఇది జరిగింది నాందేడులో కలిపిన మరుసటి వానాకాలం. మాన్యాలన్నీ మళ్ళీ రాస్తారని, పోచమ్మ పండుగ నాడే నాయబ్ తహశీల్దార్ వచ్చి ఎవరు ఏ చాకిరీ చేస్తున్నారో కళ్ళారా చూసి పంచనామా రాస్తాడని దండోరా వేశారు. ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. అరక కట్టబోయి విప్పేసేవాణ్ణి. ఊరికే చేనుదాకా వెళ్ళి గట్టు మీద కూర్చోకుండానే తిరిగొచ్చేవాణ్ణి.

ఆ ఏడు సోమవారం పోచమ్మ పండుగ, అదే రోజు తొలి ఏకాదశి, తెల్లవారి బక్రీదు. ఆదివారం పొద్దున బాపయ్య వచ్చాడు. వాడు కొత్తగా మరాఠీ నేర్చి తాలూకా కచేరీ చుట్టూ తిరుగుతున్నాడు. ముందురోజంతా అక్కడే ఉండి వచ్చాడు.

"లచ్చయ్యన్నా, గా నాయబ్ సాయబు మాళ్కరి. మెడల తులసి మాల ఉంటది. ఏకాదశికి మంచినీళ్ళు సుత ముట్టడు. గసుంటాయన ముంగట నెత్తురు పారిస్తవా?"

"మరేం జెయ్యాలె? చూస్తందుకే గదా వస్తుండు."

"గుమ్మడికాయ కొట్టు. కుంకుమ కలిపి బెట్టు. మేం జీవహింస జెయ్యం సాహెబ్ అను. ఖుషీ అయ్యి పట్టా చేతుల పెట్టి పోతడు. పొట్టేలుదేముంది, ఆయన జీపెక్కినంక కొయ్యి."

లోపల్నుంచి నా భార్య రాజక్క బయటికొచ్చింది. "అమ్మకు మొక్కిన జీవాన్ని దాస్తవా? ఆయనకు భయపడి అమ్మకు అబద్ధమాడ్తవా?"

"వదినా, గీడ మనకు రాసిచ్చేది అమ్మనా, సాయబా?" అన్నాడు బాపయ్య నవ్వుతూ.

నాకు ఆ మాట బాగానే తోచింది. ఉర్దూ బడిలో మూడో జమాత్‌తో ఆగిపోయినవాణ్ణి. కొత్త సర్కారుకు ఏది ఇష్టమో, ఏది కాదో నాకేం తెలుసు? తెలిసినవాడు చెప్తున్నాడనుకున్నాను.

పొట్టేలు ఇంట్లో ఉంటే అరుస్తుంది. సాయంత్రం దాన్ని మదార్ ఇంటికి తోలుకెళ్ళాను. అక్కడ రెండు మేకపోతులు ముందే కట్టేసి ఉన్నాయి.

"ఏంది అల్లుడా, పోచమ్మను మా మతంల కలిపినవా?" అన్నాడు మదార్.

"నవ్వకు మామా. రేప్పొద్దున కత్తి పట్టుకొని రాకు. ఎవరన్న అడిగితె మా తాన బలి లేదను."

అతను గడ్డం గోక్కున్నాడు. "అబద్ధం నాకు నోట్లె తిరగదురా. అయినా నీ ఇల్లు, నీ భూమి. నువ్వేదంటె నేనదే అంట."

సోమవారం పది గంటలకు జీపు వచ్చింది. నాయబ్ సన్నగా, ఎండిన ముఖంతో ఉన్నాడు. మెడలో మాల నిజమే. నీళ్ళిస్తే చేతులు జోడించి వద్దన్నాడు. పోచమ్మ ముందు నేను గుమ్మడికాయ పగలగొట్టాను. కుంకుమ నీళ్ళు రాళ్ళ మీద పారాయి. రాజక్క దూరంగా వేపచెట్టు కింద నిలబడి మొహం తిప్పుకుంది.

ఆయన మరాఠీలో అడిగాడు, బలి ఉంటుందా అని. బజారులో నేర్చిన మరాఠీ నాకూ కొంచెం వచ్చు. లేదన్నాను. ఎప్పటి నుంచి అన్నాడు. మా తాత నుంచీ గుమ్మడికాయే అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "రామ్ కృష్ణ హరి," అని నాకు దండం పెట్టాడు. అంత పెద్ద అధికారి నాకు దండం పెట్టడం అదే మొదలు. నేనూ వంగి వంగి పెట్టాను. అంతలో ఊరి పెద్దలతో పాటు నిలబడ్డ మదార్‌ను పిలిచి, ఇక్కడ పొట్టేలు కోసేది నువ్వేనటగా, అనడిగాడు.

మదార్ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"లేదు సర్కార్. లచ్చయ్య జెప్పిందే నిజం," అన్నాడు.

అదీ రాసుకున్నారు. నేను కింద ఉర్దూలో దస్కతు చేశాను. అప్పుడు నాయబ్ సంచిలోంచి, మా తాతకు మాన్యం రాసిచ్చిన పాత సనదు తర్జుమా తీసి, పక్కనే పెట్టుకుని, వేలితో ఒక్కో మాట కింద జరుపుతూ చదివాడు. చదివి ఆగిపోయాడు.

"ఇందులో ఏటా ఒక పొట్టేలు అని ఉంది," అన్నాడు. "పొట్టేలు ఇస్తేనే భూమి. నువ్వు తాతల నాటి నుంచీ ఇవ్వడం లేదంటున్నావు."

నేను చేతులు జోడించాను. "ఇస్తం సాహెబ్! ఏటేట ఇస్తం! మీది ఏకాదశని..."

"నాకు బలి నచ్చదు. అది నా సంగతి. కాగితం సంగతి వేరు." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

నేను పరుగెత్తాను. తురకవాడ దాకా ఎట్లా వెళ్ళానో తెలియదు. కట్టు విప్పి పొట్టేలును భుజాన వేసుకుని వచ్చి ఆయన ముందు దించాను. "గిదే సాహెబ్! గిదే పోచమ్మ పొట్టేలు!"

అందరూ దాని వంక చూశారు. దాని నుదుటి మీద, వీపు మీద ఎర్రగా గోరింటాకు. మదార్ మనవరాళ్ళు రాత్రి తమ పోతులతో పాటు దీనికీ ముద్దుగా పెట్టారు. మెడలో జరీ దారం కూడా కట్టారు.

"ఇది బక్రీదుది," అన్నాడు నాయబ్.

"కాదు సర్కార్, లచ్చయ్యదే! నేనే కోస్త ఏటేట!" మదార్ ముందుకొచ్చాడు.

"ఇందాక లేదన్నావు. ఇద్దరూ సర్కారుతో ఆడుకుంటున్నారా?"

నేను బాపయ్య కోసం చూశాను. జీపు పక్కన నిలబడి డ్రైవరుకు బీడీ అంటిస్తున్నాడు. "తమ్మీ, జెప్పు! నువ్వే గదా దాయమన్నది!" అని అరిచాను. వాడు చేతులు దులుపుకుని, "నేను సర్కారోళ్ళకు మర్యాద జెయ్యమన్న అన్నా. దస్కతు జెయ్యమన్ననా?" అన్నాడు. జనంలో ఎవరో నవ్వారు.

జీపు వెళ్ళాక రాజక్క ఆ పొట్టేలుకు పసుపు నీళ్ళు పోసింది. గోరింటాకు పోలేదు. మదార్ అలాగే కోశాడు. ఆ కూర నేను తినలేదు.

తెల్లవారి బక్రీదు. నేను బయటికి వెళ్ళలేదు. నులక మంచం మీద లేస్తూ, పడుకుంటూ ఉన్నాను. నమాజు అయిపోయింది, వీధిలో ఒకరినొకరు ముబారక్‌లు చెప్పుకుంటున్నారు. మదారే కొత్త కమీజుతో, మూత పెట్టిన గిన్నెతో వచ్చాడు.

"మొదటి ముబారక్ నీ నోటనే వినాలె గద. రాకపోతివి."

అతను గిన్నె రాజక్క చేతికిచ్చి, నా పక్కన కూర్చున్నాడు. "నీ మాట నిలబెడ్దమనుకున్న అల్లుడా. నిలబెట్టి నిన్ను ముంచిన. మాఫ్ జెయ్."

ముంచింది నువ్వు కాదు మామా అనాలి. అనలేదు. అతను నా భుజం మీద చేయి వేసి, "ఈద్ ముబారక్," అని తనే అని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడుకు అతను లేడు.

నేను నాందేడు పోయి అర్జీ పెట్టాను. అది తేలకముందే తాలూకాను చాందాకు మార్చారు. చాందాలో అడిగితే ఫైలు నాందేడులో ఉందన్నారు. నాందేడులో అడిగితే చాందాకు పంపామన్నారు. బల్లార్షా స్టేషన్‌లో రైళ్ళు మారీ మారీ రెండు చలికాలాలు గడిపాను. చివరికి ఫైలు దొరికింది. అందులో పంచనామా ఉంది, నా దస్కతు ఉంది, మదార్ మాట ఉంది. పొట్టేలు ఊసు లేదు. మాన్యం రద్దు చేసి, శిస్తు కట్టడానికి ముందుకొచ్చిన మొదటి మనిషికి పట్టా ఇచ్చారు. దరఖాస్తు తారీకు చూపించమన్నాను. గుమాస్తా చూపించాడు. పండుగకు ముందటి శనివారం.

దరఖాస్తు బాపయ్యది. భూమి నాలుగెకరాల పదమూడు గుంటలు.