వాడుకలో ఉన్న గది

కోశం మాస్టారు పుస్తకంలోంచి తలెత్తకుండానే ఎడంచెయ్యి పైకి లేపి, ఈగను తోలినట్టు ఊపారు. ఆరిపోయిన దీపాలు మళ్ళీ వెలిగాయి.

విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రతి గది పైకప్పులోనూ కోడిగుడ్డంత కన్నొకటి బిగించి పోయారు. గదిలో కదలిక ఉంటే దీపాలుంటాయి, లేకపోతే ఆరిపోతాయి. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండును. ఏ గది ఎంతసేపు వాడుకలో ఉందో ఆఫీసుకి చాడీలు కూడా మోస్తుంది. ఖాళీగా ఉన్నాయని తేలిన గదులు వ్యాపారశాస్త్రం వాళ్ళకి. మాస్టారి గదిలో నిఘంటువు ఆఖరి సంపుటం అట్టపెట్టెల్లో ఉంది. కుమ్మరులు, నేతగాళ్ళు, పడవలవాళ్ళు పనిలో వాడుకునే మాటలు, చీటీకొకటి. గది పోతే అవన్నీ పాతకాగితాలవాడి బండెక్కుతాయి. ఈ సంపుటం అచ్చుకి డబ్బడిగితే విశ్వవిద్యాలయం "మార్కెట్టులో దీని అవసరమేమిటి?" అని రాసి పంపింది. అప్పటికే రిటైరైన మాస్టారు ఆ కాగితం మడిచి ఊగుతున్న బల్లకాలి కింద పెట్టి, జీతం లేకుండానే వస్తున్నారు.

చిక్కల్లా, చదివే మనిషి కదలడు. ఈయనైతే మరీను. ఓసారి కిటికీలోంచి వచ్చిన పావురం ఆయన భుజమ్మీద వాలి, కునుకు తీసి, గూడు కట్టడానికి పుల్లలు కూడా తెచ్చుకుందట. అప్పుడు తిప్పారట పేజీ.

పొద్దున క్యారేజీ మూత బిగిస్తూ భార్య అదే అంది. "మీరు చదువుతున్నారో, పడుకున్నారో, అసలున్నారో, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవాలి. చెయ్యి లాగుతోందన్నారుగా, ఇవాళ మానెయ్యకూడదూ?"

"ఇవాళ్టితో వాళ్ళ ఈ ఏటి లెక్క ముగుస్తుందే."

"లాగేది ఎడంచెయ్యేగా. కుడిచెయ్యి ఊపండి."

"దాంతో రాయాలి మరి."

ఆవిడ ఆయన మెడకు మఫ్లరు చుట్టింది. పెళ్ళయిన కొత్తలో అల్లడం నేర్చుకుంటూ తనే అల్లింది, ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం.

మధ్యాహ్నం కరెంటు పనివాడు కన్ను సరిచూడ్డానికొచ్చి, మాస్టారు చెయ్యి ఊపడం, మొహం చిట్లించడం కాసేపు చూశాడు.

"బాబాయిగారూ, ఎందుకీ తిప్పలు? దానికి మనిషక్కర్లేదు. ఏదో ఒకటి కదిలితే చాలు." మూలనున్న టేబుల్ ఫ్యాను బల్లమీద పెట్టి, మఫ్లరు దానికి కట్టి, స్విచ్చి వేశాడు. "నేను చెప్పానని మాత్రం అనకండి."

"అంటే నా బదులు ఇది చదువుతున్నట్టా?"

"మీకంటే హుషారుగా."

ఎన్నాళ్ళకో దీపాలు ఆరలేదు. ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మాస్టారు కడుపునిండా చదువుకున్నారు. సాయంత్రం కొత్త చీటీ తీశారు. "సారె: కుమ్మరి చక్రం. చెయ్యి తీశాక కూడా" అని రాశారు. కలం అక్కడ ఆగింది. తల కాస్త వాలింది.

నిన్నటిదాకా అయితే గది చీకటై వాచ్‌మన్ వచ్చి తలుపు తట్టేవాడు. మఫ్లరు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. భార్య ఫోను చేస్తే అతను కిందనుంచే కిటికీకేసి చూసి, "దీపాలు వెలుగుతున్నాయమ్మా, చదువుకుంటున్నారు" అన్నాడు. ఆఖరి రోజు కదా అనుకుని ఆవిడ కంచం మీద మూతపెట్టి కూచుంది.

తెల్లారాక తనే వచ్చింది. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు తియ్యలేదు.

ఆఫీసులో లెక్కలు తేలాయి. ఆ రాత్రంతా వాడుకలో ఉన్న గది విశ్వవిద్యాలయం మొత్తానికి అదొక్కటే. "ఇంత పనికొచ్చే గది ఇన్నాళ్ళూ ఆ ముసలాయనకి వదిలేశామా?" అని ఆశ్చర్యపోయిన అధికారి దాన్ని వ్యాపారశాస్త్రానికి రాసిచ్చేశాడు.

పెట్టెలు బండెక్కాయి. గోడలకు రంగు పడింది, కొత్త కుర్చీలొచ్చాయి. వాటిలో కూర్చునేవాళ్ళు పదకొండింటికొచ్చి మూడింటికి వెళ్ళిపోతారు. వెళ్ళేముందు టేబుల్ ఫ్యాను వేసి మరీ వెళతారు. ఖాళీ గదిలో, నిండు వెలుతురులో, ఒక చివర వెడల్పుగా ఒక చివర సన్నంగా ఉన్న మఫ్లరు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది.