ఉప్పు దొంగ

మూడు రోజుల్లో రెండు కిలోల నాలుగు వందల గ్రాములు పెరిగాడు అబ్రహాము.

లూదియా కాటా మీది అంకెను రెండుసార్లు చూసింది. మొగుణ్ణి దిగమని, మళ్లీ ఎక్కమంది. అంకె మారలేదు. వంగి అతని మడమ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అట్లే ఉండిపోయింది.

"ఉప్పు యాడ తింటాండావ్?"

"యాడా తినలా."

"తినకుంటే ఈ నీళ్లు యాడినుంచి వస్తాండాయప్పా? గాల్లోంచా?"

"ఏమో. లెక్కల టీచరువు నువ్వు. నువ్వే చెప్పు."

అబ్రహాము ట్రాక్టరు డ్రైవరు. యాభై రెండేళ్లు. రెండు నెలల క్రితం గుండె బలం తగ్గి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల చేర్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. డాక్టర్ హిమజ ఎట్లో బతికించింది. పంపించేటప్పుడు లూదియాను పక్కకు పిలిచి, మెత్తగానే అయినా ఏదీ దాచకుండా చెప్పింది.

"రోజుకు సోడియం రెండు వేల మిల్లీగ్రాములు దాటకూడదు. పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆలోచించకుండా వచ్చేయండి. ఇంకోసారి నీరు చేరితే గుండె తట్టుకుంటుందని నేను మాటివ్వలేను."

ఆ రోజు నుంచి లూదియా ఇంట్లో ఉప్పు డబ్బా లేదు. ఊరగాయ జాడీలన్నీ పక్కింటి ఏసమ్మకు ఇచ్చేసింది. అప్పడం లేదు, బజ్జీ లేదు. అయిదో తరగతి పిల్లల చేత ఎక్కాలు వల్లెవేయించినట్టే మొగుడి చేత పథ్యం వల్లెవేయించింది. అతను గడ్డి నమిలినట్టు నమిలేవాడు. సగం రొట్టె తిని కంచం జరిపేవాడు. రెండు నెలల్లో చొక్కాలన్నీ వదులైపోయాయి.

పోయిన వారం కూతురు షాలిని ఓ ప్యాకెట్ తెచ్చింది. నంద్యాలలో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో తిరిగే పిల్ల. కొట్లో కొన్న మయొనైజ్. ఊరికే చూద్దామని జొన్నరొట్టె ముక్క అందులో ముంచుకున్నాడు అబ్రహాము.

"ఏందే ఇది? వెన్న మాదిరుందే."

"మయొనైజ్ నాయనా. శాండ్‌విచ్‌లో పూస్తారు."

"దీన్ని పూసేది ఏందే, తినాల గాని!"

రెండు రొట్టెలు తిన్నాడు. రెండు నెలల తర్వాత రెండు రొట్టెలు!

లూదియా తొందరపడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని ప్యాకెట్ వెనక ఉన్నదంతా చదివింది. గుడ్డు లేదు. నూనె, నీళ్లు, చక్కెర, పాలపొడి. కింద పట్టీలో సోడియం వరస పట్టుకుని వేలితో చివరి గడి దాకా వెళ్లింది. రోజుకు కావలసినదాంట్లో ఒక వడ్డనకు అయిదు శాతం. అంతే. మూడు పూటలకు పదిహేను. మిగతా ఎనభై అయిదూ పాలకూ, పప్పుకూ, కూరకూ. ఆ రాత్రి ఆమె ప్రార్థనలో మొదటిసారి ఏడవకుండా కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఆ ప్రాంతం ఇళ్లలో జొన్నరొట్టెకు ఊరిబిండి పెట్టేది ఎట్లాగో తెలిసిందే. ఆ వేరుశనగల పచ్చడి నిండు గంటెడు కంచంలో పడాలి. పిసినారితనంగా చెంచాతో విదిలిస్తే చుట్టాలు మళ్లీ గడప తొక్కరు. మయొనైజ్ కూడా లూదియా అట్లే పెట్టింది. పూటకో గంటె.

ఇప్పుడు ఈ రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.

ఆ పొద్దే నంద్యాల పోవాల్సింది. పోలేదు. డాక్టరమ్మ ముందు నిలబడి 'నా మొగుడు దొంగతిండి తింటున్నాడు, నేను పట్టుకోలేకపోయాను' అని చెప్పడానికి మనసొప్పలేదు. ముందు దొంగను పట్టుకోవాలి. సోమవారం పోదాంలే అనుకుంది.

మొదటి అనుమానం ఏసమ్మ ఇల్లు. కానీ ఆ ఇంటికి పది రోజులుగా తాళం. కూతురి కాన్పుకని ఏసమ్మ పగిడ్యాల వెళ్లింది. ఆ అనుమానం కొట్టేసింది.

రెండోది బస్టాండు ముందున్న టీ కొట్టు. శుక్రవారం మధ్యాహ్నం బడికి సెలవు పెట్టి, ఎదురుగా ఆగిన ఆటోలో కూర్చుని కాపు కాసింది. అబ్రహాము చక్కెర లేని టీ తాగాడు. ఎవరో బజ్జీల ప్లేటు ముందుకు తోస్తే, రెండు వేళ్లతో వెనక్కి తోశాడు. అంతే. అరగంట కూర్చుని, ఆయాసంగా లేచి, నాలుగడుగులకోసారి ఆగుతూ ఇంటిదారి పట్టాడు.

'నన్ను చూసే ఉంటాడు' అనుకుంది లూదియా.

ట్రాక్టరు పనిముట్ల పెట్టె వెతికింది. మంచం కింద వెతికింది. చొక్కా జేబులు వాసన చూసింది. శనివారం పొద్దున కాటా ఇంకో ఏడు వందల గ్రాములు పైకి చూపించింది.

"నిజం చెప్పప్పా. దేవుని ముందర చెప్పు."

"ఏమే, నన్ను పోలీస్ స్టేషన్‌లో పెట్టినట్టు పెడతాండావే. తినలా అంటాండా గదా!"

ఆమె నమ్మలేదు. పప్పు ఆపేసింది. కూర ఆపేసింది. నమ్మకమైనది ఒక్కటే మిగిలింది. మూడు పూటలా రొట్టె, గంటె నిండా తెల్లది.

ఆదివారం చర్చిలో రెండో పాట దగ్గర అందరితో పాటు నిలబడ్డాడు అబ్రహాము. మొదటి చరణం చివరిదాకా గొంతు రాలేదు. బెంచీ పట్టుకుని కూలబడ్డాడు. దగ్గు మొదలైంది. రుమాలు తీసి చూస్తే ఎర్రటి నురగ.

పాస్టరు ఎలీషా కారు తీశాడు. శిరివెళ్ల దగ్గర వరసగా ట్రాక్టర్లు అడ్డం. ఎలీషా హారను మీంచి చెయ్యి తీయలేదు. వెనక సీట్లో తండ్రిని షాలిని నిటారుగా పట్టుకుని కూర్చుంది. లూదియా వాచీ చూస్తూ అతని ఊపిరిని లెక్కపెట్టింది. నిమిషానికి నలభై. చేతనయింది అదొక్కటే.

నంద్యాలలో ఆక్సిజన్ పెట్టి, మందులెక్కించి, గంట తర్వాత డాక్టర్ హిమజ వాళ్లను లోపలికి పిలిచింది.

"ఏం జరిగిందమ్మా? ఉప్పు ఎక్కడిది?"

"దొంగతిండి తింటాండాడు డాక్టరమ్మా. నేనెంత కాపలా కాసినా కాలా." లూదియా గొంతు వార్డంతా వినిపించింది. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పారు.

"నిజమా అబ్రహాము గారూ?"

అతను మాస్కు పక్కకు లాగాడు. పెళ్లాం వైపు చూడలేదు.

"నిజమే. ఏసమ్మక్క ఇంట్లో... ఊరగాయ తిన్నా."

లూదియాకు ఏసమ్మ ఇంటి తాళం వేసిన తలుపు కళ్ల ముందుకొచ్చింది. పది రోజులుగా మూసి ఉన్న ఇంట్లో ఊరగాయ ఎవరు పెడతారు?

తినలేదు. ఇతను ఏమీ తినలేదు.

"సరే, నిన్న మీరేం పెట్టారో చెప్పండి" అంది డాక్టరు.

"రొట్టె. ఉప్పు లేకుండా. దాంతో మయొనైజ్..."

డాక్టరు పెన్ను ఆగింది. "ఎంత?"

"గంటెడు. పూటకు. అయిదు శాతమే గదా మేడమ్, నేను చదివినా."

షాలిని ఫోన్‌లో ఆ ప్యాకెట్ వెనక వైపు ఫొటో వెతికి, తెరిచి చేతికిచ్చింది. లూదియా పెద్దది చేసి చూసింది. పట్టీ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఒక వడ్డన అంటే పదిహేను గ్రాములు. ఒక చెంచా.

"కిలో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తాందమ్మా?" అడిగింది షాలిని నెమ్మదిగా.

"పది పూటలు."

ఆ పైన ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. పూటకు వంద గ్రాములు. రోజుకు మూడు వందలు. అంటే ఇరవై వడ్డనలు. ఇరవై అయిదులు వంద. రోజుకు తినదగిన సోడియమంతా ఆ మూడు గంటెల్లోనే ఉంది. మిగతా తిండి దాని పైన. అదే పట్టీలో వందకు అరవై గ్రాములు కొవ్వు, ఒక్క గ్రాము మాంసకృత్తులు. అవి ఆమె చూడనే లేదు.

"నేనే పెట్టినా మేడమ్" అంది. ఈసారి గొంతు ఎవరికీ వినపడలేదు. "ఆయన ఏమీ తినలా. నేనే పెట్టినా."

డాక్టరు తిట్టలేదు. "బరువు పెరిగిన రోజే రావాల్సిందమ్మా" అని మాత్రం అంది.

బుధవారానికి ఊపిరి కుదుటపడింది. పరీక్ష చేసి డాక్టరు కాగితం చూపించింది. ముప్పై అయిదు శాతం ఉన్న గుండె బలం ఇరవైకి దిగింది. పోయింది పోయినట్టే. ట్రాక్టరు మాట మరిచిపోవాలి. మెట్లు కూడా.

లూదియా మంచం పక్కన కూర్చుంది.

"తినకుండానే తిన్నానని ఎందుకు చెప్పినావప్పా?"



"ఎన్ని దినాలు లేదు లేదు అందును? నువ్వు వినల్యా. ఒప్పుకుంటే విడుస్తావనుకుంటి."

ఆమెకు ఏడుపు రాలేదు. కంచం ముందుకు తీసుకుంది. ఆసుపత్రి వాళ్లిచ్చిన చప్పిడి అన్నం, పెరుగు. కలిపి ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది.

అబ్రహాము ముద్ద వైపు చూశాడు. కోపంగా కాదు. నోరు తెరిచే ముందు కళ్లు పక్కకు తిప్పి, గోడ దగ్గర నిలబడిన కూతురి వైపు చూశాడు.

షాలిని తల ఊపింది.

అప్పుడు నోరు తెరిచాడు.